తూర్పు ఆఫ్రికా శాసనసభకు ప్రజలు ఓటు వేయరా?

ప్రశ్న:
ప్రాంతీయ కూటముల చట్టసభల గురించి చదువుతూ, టాంజానియాలోని అరుషా కేంద్రంగా, తూర్పు ఆఫ్రికా దేశాల కూటమికి చట్టసభగా పనిచేసే తూర్పు ఆఫ్రికా శాసనసభ దగ్గర ఆగిపోయాను. ఐరోపా పార్లమెంటుకు 1979 నుంచి పౌరులే నేరుగా ఓటు వేస్తున్నారు గానీ, ఇక్కడ అటువంటి ఎన్నిక ఎక్కడా కనిపించలేదు. ఆ సభ్యులను ఎవరు ఎన్నుకుంటారు? వారు ఆమోదించిన బిల్లు చట్టం కావాలంటే ఇంకేం జరగాలి? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
మీరు గమనించింది నిజమే, అక్కడ ప్రజలు నేరుగా ఓటు వేయరు. 1999లో సంతకాలై 2000 జులైలో అమల్లోకి వచ్చిన ఆ కూటమి ఒడంబడికలోని 50వ అధికరణం ప్రకారం ఒక్కో దేశపు జాతీయ చట్టసభ తొమ్మిది మందిని ఎన్నుకోవాలి. అయితే ఆ తొమ్మిది మందిలో ఎవరూ ఆ చట్టసభ సభ్యులై ఉండకూడదు. వివిధ పార్టీలకు, భిన్నాభిప్రాయాలకు, స్త్రీపురుషులకు, ప్రత్యేక వర్గాలకు వీలైనంత మేరకు చోటు దక్కాలి. పదవీకాలం 5 ఏళ్లు. 2001 నవంబరులో సభ మొదలైనప్పుడు కెన్యా, ఉగాండా, టాంజానియా మాత్రమే ఉన్నాయి కనుక ఎన్నికైనవారు 27 మంది. జనాభా లెక్క ఇక్కడ చెల్లదు: తర్వాత చేరిన చిన్న దేశం బురుండికీ, దానికి ఎన్నో రెట్లు జనం ఉన్న కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికీ అవే తొమ్మిది స్థానాలు. కూటమి వ్యవహారాల మంత్రులు, ప్రధాన కార్యదర్శి, న్యాయ సలహాదారు పదవి రీత్యా సభలో కూర్చుంటారు గానీ వారికి ఓటు లేదు.

రెండో జవాబు:
పై జవాబులోని "ఎన్నుకోవాలి" అన్న ఒక్క మాట మీదే 2006లో పెద్ద వ్యాజ్యం నడిచింది. కెన్యాలో పార్టీలు పంపిన పేర్లను పార్లమెంటులోని సభా వ్యవహారాల కమిటీ ఖరారు చేసింది తప్ప, సభలో ఓటింగు జరగలేదు. కెన్యా రాజకీయ నాయకుడు ఆన్యాంగ్ న్యోంగో తదితరులు దీనిని తూర్పు ఆఫ్రికా న్యాయస్థానంలో సవాలు చేయగా, అది ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వుతో కెన్యా సభ్యుల ప్రమాణస్వీకారం నవంబరులో ఆగిపోయింది. అది 50వ అధికరణం కోరిన ఎన్నిక కాదని 2007 మార్చిలో తీర్పు వచ్చింది. కెన్యా నియమాలు మార్చుకుని మళ్లీ ఎన్నిక జరపవలసి వచ్చింది. తీర్పు కన్నా నాకు ఆసక్తికరంగా తోచింది మరొకటి: ఆ ఉత్తర్వు వెలువడిన కొద్ది వారాలకే, అంటే డిసెంబరులోనే, సభ్యదేశాలు ఒడంబడికను సవరించి, ఆ న్యాయస్థానానికి అప్పీలు విభాగాన్ని చేర్చి, న్యాయమూర్తులను తొలగించేందుకు కొత్త కారణాలు రాసుకున్నాయి. కోపం ఎవరి మీదో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఎన్నిక సక్రమంగా జరిగితే సభ స్వతంత్రంగా చట్టాలు చేసుకోగలదా?

మూడో జవాబు:
పూర్తిగా కాదండీ. సభ్యుడెవరైనా బిల్లు ప్రవేశపెట్టవచ్చు గానీ, కూటమి నిధుల మీద భారం మోపే ప్రతిపాదనను మంత్రుల మండలి ప్రమేయం లేకుండా సభ చేపట్టలేదు. సభ ఆమోదించిన బిల్లు దేశాధినేతల దగ్గరకు వెళుతుంది. మూడు నెలల్లో సమ్మతి రాకపోతే, కారణాలు తెలుపుతూ పునఃపరిశీలనకు సభకే తిప్పి పంపుతారు. సభ దానిని మళ్లీ సమర్పించినప్పుడు ఒక్క దేశాధినేత సమ్మతి నిరాకరించినా ఆ బిల్లు మురిగిపోతుంది. ఐరోపా పార్లమెంటుకు స్వయంగా బిల్లు ప్రవేశపెట్టే అధికారం సాధారణంగా లేదు, అది ఐరోపా కూటమి కార్యనిర్వాహక విభాగమైన కమిషన్ పని. కానీ చాలా అంశాల్లో ఆ పార్లమెంటు, ఐరోపా మంత్రుల మండలి కలిసి ఆమోదించాక చట్టాన్ని ఏ ఒక్క దేశాధినేతా ఆపలేడు. అరుషా సభ్యుడి చేతిలో బిల్లు ఉంటుంది, తాళంచెవి మాత్రం ఉండదు.