పన్నీరు పటాలమా, పయనీరు పటాలమా?

నాగావళి: మా మామ్మ దంపుడు పాటలో ఒక్క ముక్క రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. "పన్నీరు పటాలపోడు, నెత్తిమీన ఏనుగుబిళ్ళ..." తర్వాతి పాదంలో పలుగు వస్తుంది, మిగతాది పోయింది. పటాలానికి పన్నీరేమిటి? మాది పాలకొండ వైపు.

పలుగూపారా: పన్నీరు కాదండీ, పయనీరు, ఇంగ్లీషు 'pioneer'. మద్రాసు సైన్యంలో పయనీరు పటాలాలుండేవి. తుపాకీతో పాటు పలుగూ పారా మోసే కాల్బలం అది. బాట వేసేదీ వాళ్ళే, తలపడాల్సొస్తే తలపడేదీ వాళ్ళే. మద్రాసు 4వ పటాలం 1903లో 64వ పయనీర్లయింది. 1922లో 61, 81 పయనీర్లతో కలిసి 1వ మద్రాసు పయనీర్లయింది. 1933లో మొత్తం రద్దు. ఏనుగు అస్సాయి యుద్ధానిది, మరాఠాలతో ఆంగ్లేయులు చేసింది. 1803 సెప్టెంబరు 23న అక్కడ పోరాడిన మద్రాసు పటాలాలకు దక్కిన చిహ్నం, వాటిలో ఈ 4వదీ ఉంది. పలుగూ ఏనుగూ ఒకే పాటలో ఉన్నాయంటే ఇంకేం కావాలి?

సీసమాలిక: చరిత్ర సరే, ధ్వని కుదరలేదు. 'పయ'లో యకారం జారితే 'పానీరు' కావాలి, 'పైనీరు' కావాలి. ద్విత్వ నకారం ఎక్కణ్ణుంచి వచ్చింది?

పలుగూపారా: పరాయి మాట జనం నోట పడితే సూత్రం ప్రకారం మారదు, తెలిసిన మాటలోకి ఒరుగుతుంది. పెళ్ళిళ్ళలో రోజూ వినే పన్నీరు ఉండగా 'పయనీరు' నిలుస్తుందా? ఇంకో సంగతి. పయనీరూ, మన ఆఫీసు ప్యూనూ ఒక తల్లి బిడ్డలే. రెండిటి వేరూ లాటిన్లో పాదమే, అంటే పదాతి.

వంశధార: ఏనుగుని అంత గట్టిగా పట్టుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ నిలబెట్టిన మద్రాసు రెజిమెంటు బిళ్ళ మీదా అస్సాయి ఏనుగే ఉంది, ఇప్పటికీ ఉంది. మామ్మగారి పాట ఏ కాలందో తేలందే పయనీర్లని చెప్పలేం. పైగా పలుగు వ్యవసాయదారుడి ఇంట్లోనూ ఉంటుంది.

సీసమాలిక: అసలు 'బిళ్ళ' అన్న మాట చూడండి, ఎంత బాగుందో. బంట్రోతు బిళ్ళ, పటాలం బిళ్ళ. తిక్కనగారు ఇలాంటి చోట ఏ మాటలు వాడారో గుర్తుందా? విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవుల్ని జెండాలతో గుర్తు చెప్పే సీసం. ద్రోణుడికి వేదిక, అశ్వత్థామకి సింహం తోక, కృపుడికి బంగారు ఎద్దు, కర్ణుడికి శంఖం. దుర్యోధనుణ్ణి పాము 'పడగవాడు' అన్నాడు, భీష్ముణ్ణి తాడిచెట్టు 'సిడమువాడు' అన్నాడు. రెండూ జెండాలే, కానీ పాముకి 'పడగ' తప్ప ఇంకో మాట పెట్టగలమా? సైనిక చిహ్నాల మీద మన భాషలో ఇంతకు మించిన పద్యం నేను చదవలేదు.

వంశధార: ఆ పడగలో శ్లేష లేదనేవాళ్ళూ ఉన్నారు. పడగ అంటే జెండా అన్న అర్థం అప్పటికే స్థిరపడి ఉంది, తిక్కన కొత్తగా చేసిందేమీ లేదు.

సీసమాలిక: స్థిరపడిన మాటని సరైన చోట కూర్చోబెట్టడమే ఆయన పని. అక్కడ 'సిడము' పెట్టి చదివి చూడండి, పాము చచ్చిపోతుంది. సిడము తాడిచెట్టుకే కుదిరింది, నిటారుగా.

పలుగూపారా: టెక్కెము కూడా జెండాయే కదా, అది ఎందుకు వాడలేదంటారు?

సీసమాలిక: గణాలు చూసి రేపు రాస్తాను.

నాగావళి: ఇప్పుడే భీమిలిలో మా అత్తతో మాట్లాడాను. తను విన్నది "పైనీరు పటాలపోడు" అట. ఏనుగు ఉందట, పలుగు మాత్రం గుర్తు లేదట.

వంశధార: 'పైనీరు'లో ఐకారం నిండుగా పలికారా, 'పయ్యి' అని ఒత్తారా? మళ్ళీ ఒకసారి పాడించుకుని చెప్పండి.