శాస్త్రీయ నామాల్లో లాటిన్ విశేషణాలు: అర్థం ముందే చెప్పాలా, వద్దా?

గూడబాతు_టెక్కలి: పక్షుల్ని చూపించడానికి తేలినీలాపురం తీసుకెళ్లే డిగ్రీ పిల్లలకు లాటిన్ విశేషణాల పట్టిక చేతికిచ్చి, దాన్నిబట్టి పక్షిని పోల్చుకోమనడం మానాలి. ఎర్రకాళ్ల కొంగ పేరు మిక్టీరియా ల్యూకోసెఫాలా, అంటే తెల్లతలది. తీరా చూస్తే బోడితల, నారింజరంగు చర్మం! గూడబాతుది ఫిలిప్పెన్సిస్. ఫిలిప్పీన్స్‌లో ఆ జాతి ఎప్పుడో కనుమరుగైంది.

పలాస_జీడి: అర్థం తీసేస్తే మిగిలేది బట్టీయే కదండీ. తేలుకుంచి ఊరికి వచ్చే కొంగ అనాస్టోమస్ ఆసిటాన్స్, ఆవలించేది. మూసినా కలవని ఆ ముక్కు సందు చూసినవాడు పేరు మర్చిపోడు. జీడిమామిడి ఆక్సిడెంటాలే, పడమటిది. బ్రెజిల్ మొక్కని పేరే చెబుతోంది.

గూడబాతు_టెక్కలి: ఆ సందు పెద్ద పక్షికే. గూట్లో పిల్లకు ఉండదు. దాన్ని వేరే జాతిగా రాసేస్తారు. చింత కూడా ఇండికాయే, పుట్టిల్లేమో ఆఫ్రికా.

చోడి_అంబలి: మార్కులు పోయేది అర్థం దగ్గర కాదు, పదం చివర. విశేషణం జీనస్ (పేరులో మొదటి పదం, అంటే ప్రజాతి) లింగాన్ని బట్టి మారుతుంది: వరి ఒరైజా సటైవా, వెల్లుల్లి ఆలియం సటైవం. అనకార్డియం నపుంసకం గనక ఆక్సిడెంటాలే; ఆక్సిడెంటాలిస్ అని రాస్తే తప్పు. ముందు అది విశేషణమో నామవాచకమో తేల్చుకోండి. ఆలియం సెపాలో సెపా అంటే ఉల్లి, నామవాచకం, దాన్ని కదపకూడదు. తర్వాత జీనస్ లింగం. చివర 'అస్' కనిపించగానే పుంలింగం అనుకోవద్దు. టామరిండస్, ఫైకస్ చెట్లు గనక స్త్రీలింగం, అందుకే ఇండికా, రిలిజియోసా. ఎర్రకాళ్ల కొంగకు 1769లో ప్రకృతి శాస్త్రవేత్త పెన్నంట్ పెట్టింది టాంటలస్ ల్యూకోసెఫాలస్. మిక్టీరియాలోకి మార్చాక సెఫాలా అయింది, పక్షి పేరు తర్వాత రాసే పెన్నంట్ పేరు బ్రాకెట్లలోకి వెళ్లింది. బ్రాకెట్లు మర్చిపోయినా తప్పే. అన్నట్టు, ల్యూకోసెఫాలా గ్రీకు మూలం, లాటిన్ వేషం.

పలాస_జీడి: మరి అర్థం పొసగని పేర్లు మార్చేస్తే పోదా?

చోడి_అంబలి: అదొక్కటే కారణమైతే మొక్కల పేర్ల నియమావళీ ఒప్పుకోదు, జంతువులదీ ఒప్పుకోదు. మారిస్తే పాత రికార్డులు, మ్యూజియం నమూనాలు ఒక పేరు మీద, కొత్తవి మరో పేరు మీద పడతాయి. వర్గీకరణ మారితే వేరే సంగతి. పైసమ్ సటైవం అనే బఠాణీని లాథిరస్‌లో కలిపినవాళ్లకు సటైవస్ దొరకలేదు. లాథిరస్ సటైవస్ అప్పటికే లంకపప్పుకి ఉంది. అందుకే ఒలెరేషియస్ అన్నారు.

గూడబాతు_టెక్కలి: అయితే తల, ముక్కు, కాళ్ల రంగు నోట్సులో రాశాకే పట్టిక ఇవ్వండి.

పలాస_జీడి: ఒప్పుకోను. ఏం వెతకాలో తెలియకపోతే అంత గుంపులో ముక్కు ఎవడు చూస్తాడు? ముందే ఇచ్చి, ప్రతి పేరు పక్కన 'కనిపించింది, కనిపించలేదు' అని రెండు గడులు పెట్టించండి. పెద్దదా, పిల్లా అన్నదానికి ఇంకో గడి.