లియోటార్డ్ అంటే ఏ బట్ట? పాపకి ఏమని అడిగి కొనాలి?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను. జిమ్నాస్టిక్స్ పోటీకి మా పాపని లియోటార్డ్ తెచ్చుకోమన్నారు. బజార్లో ఒక కొట్టులో ఈత బట్టలు, ఇంకో కొట్టులో లెగ్గింగ్స్ చూపించారు. మా అత్తగారేమో కాళ్ళు కనబడే బట్ట వద్దంటున్నారు, అదొక టెన్షన్. సర్కస్ వాళ్ళ బట్ట కదా అని కూడా అన్నారు.

జవాబు (రాయగడ):
ఒంటికి అతుక్కుని, పైనా కిందా కలిసి ఒకే ముక్కగా ఉండి, తొడల పైనే ఆగిపోయేది లియోటార్డ్. చేతులు ఉన్నా లేకపోయినా అదే పేరు. చీలమండల దాకా కాళ్ళు కూడా ఉంటే యూనిటార్డ్ అని అడగండి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, జర్మనీ అమ్మాయిలు అదే వేసుకుని ఆడారు, రూల్స్ ఒప్పుకుంటాయి. అయినా మీ మాస్టారిని ముందే అడగండి.

అత్తగారన్నది నిజమేనండీ. జూల్ లియోటార్ అని ఫ్రాన్సు సర్కస్ ఆటగాడు, 1859లో పారిస్‌లో ఒక ఉయ్యాల మీంచి ఇంకో ఉయ్యాలకి గాల్లో ఎగిరి చూపించాడు. ఆయన వేసుకున్న బట్టకి, ఆయన పోయిన తర్వాత ఆయన పేరే స్థిరపడింది. మగవాడి బట్ట, ఇప్పుడు గొడవంతా ఆడపిల్లలకి!

జవాబు (బరంపురం, టైలరింగ్ పని):
ఎత్తు, ఛాతీ మాత్రమే చూసి కొనకండి అమ్మా. టేపు భుజం మీద పెట్టి, ముందు నుంచి కాళ్ళ మధ్యగా తీసి, వెనక నుంచి మళ్ళీ అదే భుజానికి తేవాలి. ఈ కొలత తక్కువైతే చేతులెత్తగానే భుజాలు కోసుకుపోతాయి. ఎదిగే పిల్ల కదా అని పెద్ద సైజు కూడా వద్దు, వదులు బట్ట బార్‌కి చిక్కుకుంటుంది.

కుట్టించేటట్టయితే నాలుగు వైపులా సాగే లైక్రా బట్ట తీసుకోండి. బనీను బట్ట చెమటకి వేలాడిపోతుంది. మామూలు తిన్నటి కుట్టు సాగితే పటపటా తెగుతుంది. జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ వేసేవాళ్ళ దగ్గరే ఇవ్వండి.

పర్లాకిమిడి:
మాస్టారు కాళ్ళున్నదానికి సరే అన్నారు. అత్తగారు కూడా. కొలతలు రాసి పంపిస్తే కుడతారా?

బరంపురం:
కుడతాను గానీ, పాపని ఒకసారి తీసుకురండి. టాకాలు వేసి తొడిగి, వంగి లేచాక ఎక్కడ లాగుతుందో చూడాలి.