ట్రాక్టర్ల బరువు లాగుడు పోటీ: బండి మార్పులకు ఏ రూల్స్ పెట్టాలె?

చెల్క_హాలియా
అన్నలకు నమస్తే. సంక్రాంతికి మా ఊర్ల ఎడ్ల బండలాగుడుతోపాటు ఈసారి ట్రాక్టర్లకు కూడా పోటీ పెడదామని కమిటీ అనుకుంటున్నది. ఎడ్లకైతే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు అని విభాగాలున్నయి. ట్రాక్టర్లకు అసొంటిదేం లేదు. 40 నుంచి 50 హెచ్‌పీ బండ్లు వస్తయి. హుక్కు (వెనక గొలుసు తగిలించే కొండి) పైకి లేపుకుంటం, ముందట ఇసుక బస్తాలు కడతం, బానెట్ తీసేస్తం, కేజ్‌వీల్స్ (పొలంల దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) వేస్తం అని ఇప్పటికే అడుగుతున్నరు. దేనికి ఒప్పుకోవాలె, దేన్ని ఆపాలె? లాగనీకి ఇసుక నింపిన ట్రాలీ పెడితే నడుస్తదా?

పానా_కల్వకుర్తి
అన్నిటికన్న ముందు హుక్కు ఎత్తు రాసుకో తమ్మీ. అమెరికాల ఈ ఆట 1929 నుంచి ఉన్నది, 1969ల జాతీయ సంఘం పెట్టుకొని అందరికీ ఒకటే రూల్స్ చేసుకున్నరు. వాళ్ల ట్రాక్టర్ విభాగాల్ల హుక్కు నేల నుంచి 20 అంగుళాలు దాటొద్దు, వెనక ఇరుసు నడిమి నుంచి కనీసం 18 అంగుళాలు వెనకకుండాలె. మీరూ అదే పెట్టుకోండి.

ఎందుకంటే, 13.6-28 టైరు (13.6 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల రిమ్ము) బండికి ఇరుసు నేలకు 23, 24 అంగుళాల ఎత్తుల ఉంటది, 20 అంటే హుక్కు దానికి కిందనే ఉన్నట్టు. 1,500 కేజీల లాగుడు 20 అంగుళాల ఎత్తుల పడితే, ఇరుసుల నడుమ 1.9 మీటర్లున్న బండికి ముందు చక్రాల మీద సుమారు 400 కేజీలు తగ్గుతది. అదే హుక్కు 30 అంగుళాలకు లేపితే 600 తగ్గుతది. ముందట ఉండేదే ఏడెనిమిది వందలు. ఆ పైన క్లచ్ ఒక్కసారి వదిలితే ముక్కు లేస్తది. లేచిన బండి వెనకకు తిరగబడనీకి సెకనున్నర చాలు, అందుల ముప్పావు సెకను దాటితే డ్రైవర్ ఏం చేసినా ఆగదు.

పైలింకుకు (వెనక నాగలి తగిలించే మూడు చేతులల్ల పైది) గొలుసు కట్టుడు మొత్తం బంద్. లిఫ్ట్ చేతులకు (కింది రెండు) కట్టుడు కూడా వద్దు, లాగేటప్పుడు లివర్ కొద్దిగ లేపితే ఎత్తు మారిపోతది. కదలని డ్రాబార్ (వెనక బరువు లాగే ఇనుప పట్టీ), దానికి పిన్ను, పిన్నుకు లాక్. బండి ట్రాక్ మీదికి దిగే ముందు టేపుతోని కొలువాలె, టైర్లల్ల గాలి నింపినంక. గాలి నింపక ముందే ఎత్తు కొలిస్తే మోసం జరుగుతది.

కాంటా_మిర్యాలగూడ
హెచ్‌పీని బట్టి విభాగాలు చేస్తే లొల్లి తెగదు, ఇంజన్ల ఏం మార్చిన్రో ఎవరికి తెలుస్తది? బరువును బట్టి చెయ్యండి. రైస్ మిల్లు కాంటా మీద డ్రైవర్ కూర్చొని, డీజిల్ నిండుగ, వెయిట్లతో సహా తూకం వెయ్యాలె. రెండు విభాగాలు చాలు: 2,200 కేజీల లోపు, 2,800 లోపు. తూకమైనంక సీలు చీటీ ఇచ్చి, పోటీ అయ్యేదాక ఏం కట్టనియ్యొద్దు.

టైర్ల నీళ్లకు ఒప్పుకోవచ్చు. వాల్వు పైకి పెట్టి వాల్వు మట్టం దాక నింపితే 75 శాతం అయినట్టు, 13.6-28ల సుమారు 180 లీటర్లు పడతయి. ఆ బరువు కిందనే ఉంటది, బండిని ఎత్తదు. ఇసుక బస్తాలు మాత్రం వద్దు, జారి చక్రం కిందికి వస్తయి. బంపరుకు బోల్టు కొట్టిన ఇనుప వెయిట్లే. ముందు ఇరుసుకు 0.8 మీటరు ముందర 100 కేజీలు పెడితే ముందు 142 పడి, వెనక 42 తగ్గుతది. అందుకే ముందర మరీ ఎక్కువ పెట్టినోళ్ల బండి మొదలే జారుతది. వెయిట్లు ఎంత ముందుకు పోవచ్చో కూడా రాయండి, ముందు ఇరుసు నుంచి రెండున్నర అడుగులు సరిపోతది.

కేజ్‌వీల్స్, గొలుసులు వద్దే వద్దు. ఒక్క బండి పోతే ట్రాక్ మొత్తం దున్నినట్టయితది, తర్వాతోళ్లకు అన్యాయం. గాలి 10 పీఎస్‌ఐ కంటే కిందికి దించొద్దని చెప్పండి. ట్యూబ్ టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతది.

రేగడి_ఆలంపూర్
ట్రాలీ వద్దన్నా. చక్రాల మీద బరువు ఎంత నింపినా ఒక్కసారి కదిలినంక తేలిక, పైగా బండి ఆగితే వెనక నుంచి వచ్చి గుద్దుతది. 12 మి.మీ. ఇనుప పలక తీసుకొని ముందు అంచు పైకి వంచి, దాని మీద మీ ఎడ్ల బండలే పేర్చండి. అమెరికాల స్లెడ్జి (ట్రాక్టర్ లాగే బరువు బండి) మీద బరువు పెట్టె చక్రాల గేరుతోని ముందుకు జరుగుకుంట నేలను ఒత్తుతది, పోయినకొద్దీ లాగుడు పెరుగుతది. మనకు అంత అక్కర్లేదు. 300 అడుగులు హద్దు పెట్టి, ఒకరికంటే ఎక్కువ మంది దాటితే వాళ్లకే బండ పెంచి మళ్లీ లాగించాలె. మొదలు రెండు టన్నులు పెట్టి ట్రయల్ చూడండి.

గొలుసే కట్టాలె, తాడు వద్దు. సందు లేకుండ బిగినంకనే జెండా ఊపాలె.

చెల్క_హాలియా
బానెట్ సంగతి చెప్పలే అన్నా. ముక్కు లేస్తే ఆపనీకి వెనక ఏమన్న పెట్టొచ్చా? పిన్నుకు తాడు కట్టి ఇంజన్ ఆపే ఏర్పాటు చాలదా?

పానా_కల్వకుర్తి
బానెట్, ఫ్యాన్ గార్డు, మడ్‌గార్డులు తియ్యనియ్యొద్దు. ఫ్యాన్ రెక్క విరిగితే ఆపేది అవే. పీటీఓ షాఫ్ట్‌కు (వెనక యంత్రాలను తిప్పే కడ్డీ) మూత ఉండాలె. మడ్‌గార్డు మీద ఎవ్వలూ కూర్చోవద్దు.

స్టాప్ కేబుల్‌కు (డీజిల్ పంపు మూసి ఇంజన్ ఆపే తీగ) తాడు కట్టాలె, కానీ డీజిల్ పంపు మూసినంక ఇంజన్ ఆగనీకి కొంత టైం పడతది. బండి తిరగబడేది సెకనున్నరల. అందుకే తాడు ఒక్కటే చాలదు. వెనక ఇరుసు హౌసింగుకు బిగించి టైర్ల వెనకకు వచ్చే రెండు కాళ్లు పెట్టించండి, కింద 5 అంగుళాల చదరపు ప్లేటు, నేలకు 10 అంగుళాలకు మించి ఎత్తు వద్దు. ఉత్త వెల్డింగ్ పెట్టి తెస్తరు, ఒప్పుకోవద్దు. ప్లేట్ల కింద జాకీ పెట్టి వెనక చక్రాలు లేపండి. వంగినయంటే ఆ బండి పోటీల లేదు.

పంపు సీలు విప్పి ఆర్‌పీఎం పెంచినోళ్లు కూడా వస్తరు. హై ఐడిల్ (లోడు లేకుండ ఫుల్ రేసుల ఆర్‌పీఎం) కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువుంటే పంపెయ్యండి, ఫ్లైవీల్ పగిలితే ముక్కలు జనాల మీదికి వస్తయి.

కాంటా_మిర్యాలగూడ
ఇంకొకటి రూల్ల చేర్చుండ్రి: మర్నాడు పానాతోని విప్పగలిగే మార్పులే. చాసీస్ కోసుడు, ఇరుసు మార్చుడు అయితే ఆ బండి మళ్ల రోడ్డెక్కినప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 (బండి మార్పుల మీద ఉన్నది) కిందికి వస్తది. సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండూ. ఎంట్రీ ఫారంలనే రాసి సంతకం తీసుకోండి.