అప్‌డేట్: టేబుల్ సా స్టాండు ఊగడం ఆగింది

పార్కింగ్‌లో పెట్టుకున్న టేబుల్ సా (చెక్క కోసే రంపం బల్ల), నాలుగు బ్రేకు చక్రాల స్టాండు మీద చెక్క తోస్తుంటే ఊగుతోందని అడిగింది నేనే. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

మోటారు బేరింగు పోయిందేమోనన్న నా అనుమానం వట్టిదే. మిషన్ని దించి నేల మీద పెట్టి నడిపితే అదురే లేదు. పెద్ద చక్రాలు వేయమన్న సలహా గేటు గడప దాటడానికి బాగుంది కానీ, ఊపు తగ్గలేదు.

వెల్డింగ్ మేస్త్రి వచ్చి బ్రేకు వేసిన చక్రాన్నే చేత్తో అటూ ఇటూ ఆడించి చూపించాడు. చక్రం దొర్లదంతే, పైన తిరిగే ప్లేటు కదులుతూనే ఉంది! పైగా నీళ్లు పోవడానికి గచ్చుకి వాలు ఇచ్చారు కదా, ఒక చక్రం కింద అట్టముక్క సులువుగా దూరింది, అంటే అది నేలకి ఆనడమే లేదు.

చివరికి పనిచేసింది "బరువు చక్రాల మీద మోపొద్దు" అన్న మాట. నాలుగు మూలలా 12 ఎంఎం బోల్టు కాళ్లు, కింద రబ్బరు. వాలుని బట్టి నట్టు తిప్పుకోవడమే. వెనక కాళ్లకి కాస్త వెనకగా, పక్కలకి తిరగకుండా నేరుగా మాత్రమే దొర్లే రెండు చక్రాలు, నేలకి 3 ఎంఎం పైన. ముందు హ్యాండిల్ ఎత్తితేనే అవి ఆనతాయి, తోపుడుబండిలా లాక్కెళ్లొచ్చు. ఎత్తేముందు ప్లగ్గు పీకేయండి. వాలు గచ్చయితే ఆ 3 ఎంఎం ఖాళీ కాళ్లు సర్దాకే కొలవాలి, నేను ముందే కొలిచి ఒకసారి మళ్లీ వెల్డింగ్ చేయించుకున్నాను.