‘కమ్మని కదంబము కప్పు పన్నీరు’: ఈ ‘కప్పు’ ఏమిటి?

మరువం మడి: శుక్రవారం కదంబం కట్టగా మిగిలిన పూలు పారేయబుద్ధి కాదు నాకు. గులాబీ రేకులు, దవనం, మరువం నీడన వారం ఆరబెడతాను. కనకాంబరాలు రంగు కోసం. మల్లెలు ఏరేస్తాను, ఎండితే నల్లబడి వాసన పోతుంది. గలగలమన్నాక వట్టివేరు తుంపులు, దంచిన కచ్చూరాలు, నాలుగు లవంగాలు, ఎండిన కమలా తొక్క కలిపి, మూత బిగించి 3 వారాలు ఉంచుతాను. సీసా తెరిచినప్పుడల్లా, తిరుమల స్వామి శుక్రవారపు అభిషేకం మీద అన్నమయ్య పాడిన ‘కంటి శుక్రవారము’ కీర్తనలోని ఈ పంక్తే నాలుక మీద ఆడుతుంది. ఇందులో ‘కప్పు’ కప్పురమా, నలుపా, కప్పడమా?

కందపద్యం: కప్పురమే. యతి కోసం, అంటే పాదంలో అక్షరమైత్రి కుదరడం కోసం, కుదించాడు.

తాళపత్రం: యతికి ‘క’ చాలు కదండీ, ‘కప్పుర’ అన్నా పడుతుంది. పైగా తర్వాతి చరణంలోనే ‘పచ్చకప్పురమె నూఱి’ అని నిండుగా అన్నవాడు ఇక్కడెందుకు కత్తిరిస్తాడు? నా ఓటు నలుపుకే. చరణం చివర ‘తుమ్మెద మైచాయతో’ అన్నాడు చూడండి. సొమ్ములు తీశాక కనబడేది ఆ నల్లని మేనే.

కందపద్యం: స్వామి నలుపు సరే, పన్నీరు నల్లగా ఎలా ఉంటుంది మాస్టారూ?

తాళపత్రం: కస్తూరి రంగరిస్తే ఉండదా?

గోదారి గట్టు: ఇద్దరూ క్రియను వదిలేశారు. కదంబాన్ని కప్పే పన్నీరు, అంతే. వాసన మరో వాసనను కప్పేయడం మన కవులకు కొత్తా? ‘మనుచరిత్ర’లో పెద్దన చూడండి: ‘మృగమద సౌరభ విభవ ద్విగుణిత ఘనసార సాంద్ర వీటీ గంధ స్థగితేతర పరిమళమై’. స్థగితం అంటే కప్పబడినదే! కస్తూరి, కర్పూరం దట్టించిన తాంబూలపు వాసన హిమాలయం మీద తక్కిన వాసనలన్నిటినీ కప్పేస్తే, అక్కడ దారి తప్పిన ప్రవరుడికి మనిషి జాడ గాలిలోనే దొరికింది. ముక్కుతో కథ నడిపించిన కవి మరొకడు లేడు. ఈ కందాన్ని పైకి చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది నాకు.

తాళపత్రం: పద్యం అద్భుతం, కాదనను. కానీ అన్నమయ్య 1503లోనే వెళ్ళిపోయాడు, పెద్దనను ఆదరించిన రాయలు పట్టమెక్కింది 1509లో. పెద్దన మాటతో అన్నమయ్య మాటకు అర్థం తేల్చలేం.

గోదారి గట్టు: తేల్చడం లేదండీ, తెలుగువాడి ముక్కు ఎలా ఆలోచిస్తుందో చెబుతున్నాను.

వట్టివేరు: అసలు ‘కదంబం’ సంగతేమిటి? కడిమి పూలా, కలగలుపా? మరువం మడి గారు చేసేదాన్ని బజార్లో ‘పాట్‌పురీ’ అని అమ్ముతున్నారు. ఫ్రెంచిలో దానికి అక్షరార్థం కుళ్ళిన కుండ, మొదట అదొక కూర పేరు. మన కదంబం ఎంత చక్కని మాట!

మరువం మడి: కలగలుపే అనుకుంటాను. కానీ చేతి పని నాకొకటి చెబుతోంది. ఎండిన పూల మీద పన్నీరు చల్లితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఇక్కడేమో వెంటనే ‘చెమ్మతోన’ అంటున్నాడు. అంటే ఈ కదంబం పూలు కాదేమో, తడిపి మేనికి అలదే సుగంధపు పొడి కావచ్చు. అప్పుడు ‘కప్పు’కి కప్పడమే నప్పుతుంది.

కందపద్యం: అలదడం తర్వాతి చరణం పని అమ్మా, ‘దిగనలది’ అని అక్కడుంది. ఇక్కడ తడిసినవి వేష్టువలు, అంటే స్వామికి చుట్టిన వస్త్రాలు. నేను కప్పురం దగ్గరే ఉన్నాను.

వట్టివేరు: కచ్చూరాలు పచ్చివా, ఎండువా? కొలత చెప్పండి.

మరువం మడి: ఎండువే. 4 పిడికిళ్ళ పూలకు 2 చెంచాలు.