అడవి అంచున చలి రాత్రి: చెద్దర్లు, ఒక గొంగడితో గడపవచ్చునా?

హనుమకొండ బాటసారి:
పుష్య అమావాస్యకు జరిగే కేస్లాపూర్ నాగోబా జాతరకు ముగ్గురు మిత్రులం వరంగల్ నుండి మోటారు సైకిళ్లపై వెళ్లాలనుకుంటున్నాము. ఆ రోజుల్లో ఇంద్రవెల్లి, ఉట్నూరు వైపు గది దొరకదేమోనని, అడవిని ఆనుకొని ఉన్న ఒక పరిచయస్తుని చేనులో రాత్రి గడపడానికి ఆయనను అడిగి ఒప్పించాము. మా వద్ద తలా ఒక చెద్దరు, అందరికీ కలిపి ఒక టార్పాలిన్, ఒక పాత గొంగడి మాత్రమే ఉన్నాయి. అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలకు దిగడం మామూలేనంటున్నారు. రాత్రంతా నెగడు వేసుకుంటే సరిపోతుందా, లేక ఇంకేమైనా కొనుక్కోవాలా?

తాడ్వాయి రైతు:
కొనే మాట తరువాత, ముందు ఆ గొంగడిని ఎక్కడ వాడాలో ఆలోచించండి. ముగ్గురూ దానిని పైన కప్పుకోవాలనే చూస్తారు. కానీ పడుకున్న మనిషి ఒంటి వేడిని చల్లటి నేల ఎడతెగకుండా లాగేస్తూనే ఉంటుంది, పైగా ఒంటి బరువుకు కింది బట్ట అణిగి అందులో గాలి నిలవదు కనుక ఎంత మంచి చెద్దరైనా కింద పరిస్తే పలుచనే. అందుచేత వరిగడ్డి గానీ, జొన్న చొప్ప గానీ, అవి లేకపోతే ఎండిన టేకు ఆకులు గానీ, తేళ్లు లేవని కర్రతో కదిపి చూసుకొని, ఒకసారి పడుకొని లేచాక కూడా జానెడు మందం మిగిలేటట్లు పరవండి. దానిపై గొంగడిని అడ్డంగా వేస్తే ముగ్గురికీ భుజాల నుండి నడుము వరకు వస్తుంది. బరువంతా పడేది అక్కడే.

చేనులో మంచె ఉంటే అడవిపందుల బెడద ఉండదని దానిపైకి ఎక్కాలనిపిస్తుంది. మేము మొక్కజొన్నకు కావలి కాసేటప్పుడు గోనెసంచులు, గడ్డి దట్టంగా పరవనిదే మంచెపై నడుము వాల్చము, ఎందుకంటే కర్రల సందుల్లోంచి వచ్చే గాలి నేలకన్నా ఎక్కువగా కోస్తుంది. నులక మంచానికీ ఇదే వర్తిస్తుంది.

ఉట్నూరు ఉపాధ్యాయుడు:
రైతు గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. నెగడుపై మాత్రం పూర్తిగా ఆధారపడవద్దు. అది ఒంటికి ఒక వైపే వెచ్చదనమిస్తుంది, అందరూ నిద్రలోకి జారుకున్నాక ఆరిపోతుంది, అసలు చలి ముదిరేది సూర్యోదయానికి కాస్త ముందు. వేసుకుంటే చేను గట్టును వీపు వెనుక ఉంచుకొని, ఎదురుగా, చుట్టూ ఆకులు ఊడ్చిన నేలపై చిన్నదిగా వేసుకోండి. నైలాన్ జాకెట్టుపై నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చేను దాటి అడవిలో మాత్రం వద్దు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, పైగా జన్నారం వైపు అడవి 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యంలోనిది.

చోటు ఎంపిక కూడా ముఖ్యమే. చల్లగాలి బరువైనది కనుక రాత్రి పల్లానికి జారి వాగు ఒడ్డున చేరుతుంది. అక్కడికంటే కాస్త మెరకన, ఎండుకొమ్మలు లేని పెద్ద చెట్టు కింద పడుకోవడం మేలు, ఎందుకంటే మబ్బు లేని రాత్రి ఒంటి వేడి ఆకాశంలోకి పోకుండా కొమ్మలు కొంతవరకు ఆపుతాయి. ఈ జాతర జరిపే గోండుల మెస్రం వంశీయులు గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేయడం ఆచారం. దాని వెనుక ఉన్నది విశ్వాసమే అయినా, చలి లెక్కలో చూసినా అది మంచి చోటే.

మంచిర్యాల ఆరోగ్య కార్యకర్త:
పగలు తిరిగిన బట్టలతోనే పడుకోకండి. చెమటతో తడిసిన బనియను, మేజోళ్లు రాత్రంతా ఒంటి వేడిని తినేస్తాయి కనుక ఒక పొడి జత విడిగా సంచిలో ఉంచుకొని, పడుకునే ముందు మార్చుకొని, మంకీ టోపీ పెట్టుకోండి. కడుపునిండా తినండి. మూత్రానికి బద్ధకించి దుప్పట్లో ముడుచుకుంటే నిద్రా ఉండదు, సుఖమూ ఉండదు.

జాతరలో ఎవరైనా ఇప్పసారా ఇచ్చి వెచ్చగా ఉంటుందంటే నమ్మవద్దు. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేయడం వల్ల ముఖం వేడెక్కినట్లనిపిస్తుంది గానీ, ఆ వేడి లోపలి నుండి బయటికి పోతున్నదే. మీలో ఎవరికైనా మాట తడబడినా, నడక తూలినా, వణుకుతున్నవారు చలి తగ్గకుండానే వణకడం మానేసినా అది నిద్రమత్తు అనుకోకండి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా దిగువకు పోతున్న సూచన కావచ్చు. తడి బట్టలు తీసి, పొడివి చుట్టి, మెలకువగా ఉండి మింగగలిగితే గోరువెచ్చటి తీపి పానీయం ఇచ్చి, ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి.

హనుమకొండ బాటసారి:
అందరికీ ధన్యవాదాలు. గడ్డి కోసం చేను యజమానికి ఈరోజే చెబుతాను. టార్పాలిన్‌ను పైన కప్పుకోవాలా, కింద పరవాలా? దానిని గుడారంలా కట్టి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చునా?

మంచిర్యాల ఆరోగ్య కార్యకర్త:
కుంపటి ఎంతమాత్రమూ వద్దు. మూసిన గుడారంలో బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తాడ్వాయి రైతు:
టార్పాలిన్‌ను ఒంటికి చుట్టుకుంటే ఊపిరి తడి, చెమట లోపలే నిలిచి తెల్లారేసరికి చెద్దరు చెమ్మగిల్లుతుంది. నేల తడిగా ఉంటే గడ్డి కింద పరవండి. పొడిగా ఉంటే గాలి వచ్చే వైపు ఏటవాలుగా కట్టి, మిగతా వైపులు తెరిచి ఉంచండి.